నలభై మూడో నంబరు పొగ

లోవరాజుకి రెండు రోజులుగా అన్నం సయించడం లేదు. కారణం పొగ.

తుని నుంచి వచ్చిన మనిషి. ఏడేళ్ళు రైలింజన్లో బొగ్గు వేశాడు. గూడ్సు బండి ఎత్తు ఎక్కేటప్పుడు పార నిండా బొగ్గెత్తి పొయ్యిలోకి విసిరితే, గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమని లేచేది. పొలాల్లో కూలీలు నడుమెత్తి చూసేవాళ్ళు. "లోవరాజు బండి వస్తోందిరా" అనుకునేవాళ్ళట. వాళ్ళు అనుకున్నారో లేదో మనకి తెలియదు. లోవరాజు మాత్రం అలాగే నమ్మాడు.

యుద్ధం వచ్చింది. ఓడల్లో బొగ్గు వేసేవాళ్ళు కావాలన్నారు. లోవరాజు బొంబాయి వెళ్ళి ఓడెక్కాడు. పద్దెనిమిది సరుకు ఓడలు, వాటికి కాపలాగా రెండు యుద్ధనౌకలు, అన్నీ కలిసి ఒక దండుగా ఏడెన్ రేవుకి బయల్దేరాయి. శత్రువుకి తెలియకుండా ఓడల మీద పేర్లు బూడిదరంగు పూసి చెరిపేశారు. దండులో ఓడకి నంబరే పేరు. లోవరాజు ఓడ నాలుగో వరసలో మూడోది కాబట్టి నలభై మూడు. దాని వెనక ఒకటే ఓడ, నలభై నాలుగు.

మొదటిరోజే కాపలా ఓడ మీద దీపం మిణుకు మిణుకుమంది. ఆ దీపం భాష చదివే గోవా మనిషి ఆంథోనీ పైనుంచి కేకేశాడు.

"నలభై మూడు! పొగ ఎక్కువైంది!"

మధ్యాహ్నం అదే కేక. సాయంత్రం అదే కేక. రెండోరోజు నాలుగుసార్లు. పొద్దు వాలేసరికి దీపం మరో మాట చెప్పింది. రేపు సాయంత్రానికల్లా పొగ ఆగకపోతే నలభై మూడు దండులోంచి తప్పుకోవాలి, తన దారిన తను రావాలి.

తన దారిన తను రావడమంటే ఏమిటో ఓడలో పిల్లి కూడా చెప్పగలదు. నీళ్ళ కింద జలాంతర్గాములు తిరుగుతున్నాయి. ఒంటరి ఓడ దొరికితే వాటికి టార్పెడో వేసి కొట్టడం ఎంతసేపు? ఓడలో అరవై రెండుమంది ఉన్నారు.

అసలు సంగతి ఏమిటంటే, జలాంతర్గామిలో వాడికి ఓడ దూరం నుంచి కనిపించదు. పొగ కనిపిస్తుంది. ఇరవై మైళ్ళ అవతల ఆకాశంలో నల్లగీత కనబడితే చాలు, ముందే వెళ్ళి దారికాచి కూచుంటాడు.

ఇంజనీరు దొర ఎర్రబడ్డ ముఖంతో బాయిలర్ గదిలోకి దిగాడు. "ఎవడి పొయ్యి?" అని అరిచాడు. ఎవరూ నోరు విప్పలేదు. విప్పనక్కర్లేదు కూడా. తొమ్మిది పొయ్యిల్లో ఆరు శుభ్రంగా మండుతున్నాయి. మిగతా మూడూ లోవరాజువి.

దొర వెళ్ళాక లోవరాజు సరంగు దగ్గరకొచ్చాడు.

సరంగు అంటే బొగ్గు వేసేవాళ్ళందరికీ పెద్ద. పేరు మదారు సాహెబు, ఊరు బందరు, వయసు అరవై దాటి ఉంటుంది. వాళ్ళ నాయన ఫకీరు. బజార్లో దుకాణం దుకాణానికీ తిరిగి సాంబ్రాణి వేసి దువా చదివేవాడు. "మా నాయన పొగ వేసి బతికాడు, నేను పొగ దాచి బతుకుతున్నాను" అని నవ్వేవాడు మదారు సాహెబు. పోయిన యుద్ధంలో ఆయన పనిచేసిన ఓడలు రెండు మునిగాయట. ఆ సంగతి ఇతరులు చెప్పుకోవడమే, ఆయన నోట ఎవరూ వినలేదు. ఆయన ఎవరికీ పని నేర్పేవాడు కాదు. ఆయన కింద పనిచేసినవాళ్ళకి మాత్రం పని వచ్చేసేది.

"సాహెబు గారూ, నా పొయ్యిల్లో ఆవిరి తగ్గిందాండి?" అన్నాడు లోవరాజు.

"లేదు."

"ఆ ఆవిరి సూది చూడండి. అందరికన్నా నా బాయిలర్ మీదే ఎక్కువ చూపిస్తోందండి. ఇంత బొగ్గు వేశాక పొగ రాదాండి మరి? దొరగారికేం తెలుస్తుందండి మన కష్టం?"

మదారు సాహెబు పొగగొట్టంకేసి చూశాడు.

"పొగ పెట్టడం వచ్చు నీకు. ఆపడం వచ్చా?"

"రైల్లో ఎవరూ ఆపమనలేదండి."

"ఊఁ" అన్నాడాయన. చెయ్యి చాచాడు. లోవరాజు అర్థంకాక పార ఇచ్చాడు. ఆయన దాన్ని గోడకి ఆనించి, తను టీ తాగే కొబ్బరిచిప్ప తీసి లోవరాజు చేతిలో పెట్టాడు.

"ఇది నీ పార. పైన పోలినాయుడు కుంపటి నీ బాయిలరు. పో."

బాయిలర్ గదిలో నవ్వినవాళ్ళు నవ్వారు. లోవరాజు చెవులు కాలిపోయాయి. రెండు టన్నుల బొగ్గు ఒక పూటలో ఎత్తిపోసే మనిషి, వంటవాడి కుంపట్లో చిప్పతో బొగ్గు వేయాలట!

మర్నాడు పొద్దున్నే కోపంతో మెట్లెక్కి డెక్కు మీదకొచ్చాడు. వచ్చినవాడు అలాగే నిలబడిపోయాడు.

బొగ్గు మనిషికి సముద్రం కనిపించదు. ఎండా తెలియదు, వానా తెలియదు. ఓడెక్కి మూడోరోజు, అప్పుడు చూశాడు లోవరాజు తను ఎవరితో కలిసి వెళ్తున్నాడో. కుడివైపు ఓడలు, ఎడమవైపు ఓడలు, ముందర ఓడలు, వెనక ఒక ఓడ. వరసలు వరసలుగా, ఒకే వేగంతో, నీలం నీళ్ళు చీల్చుకుంటూ పోతున్నాయి. వాటి అంచున కాపలా ఓడ అటూ ఇటూ తిరుగుతోంది. ఒళ్ళు పులకరించింది.

"ఓర్నాయనో! ఇన్నా!" అన్నాడు పైకే.

"ఇన్నే. నువ్వు నిన్న అందర్నీ సంపేద్దువు గానీ, కొంచెంలో తప్పింది" అన్నాడు వంటమనిషి పోలినాయుడు. భీమిలి పక్కవాడు, మాటలో మొహమాటం ఉండదు. "రా, కుంపటి సూడు. నా సేపలు మాడితే నీ పని సెప్తాను."

లోవరాజు కోపంగా చిప్ప నిండా బొగ్గు తీసి కుంపట్లో గుమ్మరించాడు. పోలినాయుడు ఎగిరి గంతేశాడు.

"ఏటిరా ఈ పొగేటి! కళ్ళు పోతన్నాయి! బండి తోల్తన్నావేటి!"

లోవరాజు బొగ్గు తీసేసి మళ్ళీ వేశాడు. మళ్ళీ పొగ. తగ్గించి వేశాడు. తగ్గింది గానీ పోలేదు. ఎంత తక్కువ వేసినా, ఎర్రటి నిప్పు మీద నల్లటి బొగ్గు కప్పేసరికి పొగ లేస్తూనే ఉంది. పోలినాయుడు తిట్టని తిట్టు లేదు. కళ్ళు తుడుచుకుంటూ, కుంపటి ముందు బాసింపట్టు వేసుకుని, రైలింజను లోవరాజు చిన్నపిల్లాడిలా చూస్తూ కూర్చున్నాడు.

గంట గడిచింది. చెయ్యి జారి చిప్పలో బొగ్గు కుంపట్లో ఒక పక్కకే పడింది. రెండో పక్క నిప్పు అలాగే ఎర్రగా ఉండిపోయింది. నల్లటి పక్క నుంచి పొగ లేవబోయింది. ఎర్రటి పక్క నుంచి మంట నాలుక చాచి, ఆ పొగని పట్టుకుని మింగేసింది.

లోవరాజు ఆ పక్క అంటుకునేదాకా ఆగాడు. అప్పుడు రెండో పక్క అర చిప్ప వేశాడు. పొగ లేదు. మళ్ళీ ఆ పక్క. లేదు!

"నాయుడుగారూ! చూశారా! మంటే తినేస్తోందండి!"

"తినేస్తందా? నువ్వూ తిను. రెండ్రోజుల్నించి మెతుకు ముట్నేదంటగా" అని పోలినాయుడు పళ్ళెంలో అన్నం, చేపల పులుసు వేసి పెట్టాడు. లోవరాజు లొట్టలేసుకుంటూ తిన్నాడు.

తిని చెయ్యి కడుక్కుంటూ వెనక్కి చూశాడు. నలభై నాలుగో నంబరు ఓడ గొట్టంలోంచి నల్లటి పొగ లావుగా లేస్తోంది. ఆకాశం మీద మసిగుడ్డతో తుడిచినట్టు పొడుగ్గా సాగింది.

లోవరాజుకి ఒళ్ళు మండింది. "ఎవడ్రా వాడు! బుద్ధుందా! పార పట్టుకోవడం రానివాణ్ణి ఎవడెక్కించాడ్రా ఓడ! అందర్నీ ముంచుతాడు వెధవ!" అని డెక్కు అంచున కటకటాల మీదకి వంగి, అక్కడిదాకా వినబడుతుందన్నట్టు అరిచాడు.

అరిచి వెనక్కి తిరిగేసరికి మదారు సాహెబు నిలబడి ఉన్నాడు. టీ కోసం వచ్చాడు.

"ఏమన్నావు వాణ్ణి?"

లోవరాజు తల దించుకున్నాడు. మదారు సాహెబు చిప్ప తీసుకుని కడిగి, టీ తాగి, మళ్ళీ ఇచ్చి కిందికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దీపం నలభై మూడుని వెళ్ళిపొమ్మనలేదు. లోవరాజు పొయ్యిలు మూడూ ఆ రోజంతా సరంగే స్వయంగా చూశాడని తెలిసింది. అరవై ఏళ్ళు దాటిన మనిషి తన పని మీద ఇతని పని కూడా చేశాడు. లోవరాజుకి సిగ్గేసింది.

నాలుగోరోజు పొద్దున తొమ్మిదింటికి లోవరాజు కుంపట్లో మూడో చిప్ప వేస్తున్నాడు.

వెనక నీళ్ళు లేచాయి. తాటిచెట్టంత ఎత్తు లేచాయి. తరవాత గుభేలుమంది. డెక్కు అరికాళ్ళ కింద ఎగిరింది. పోలినాయుడి గిన్నెలు దొర్లిపోయాయి.

"నలభై నాలుగు! నలభై నాలుగుకి తగిలింది!" ఆంథోనీ కేక.

నలభై నాలుగు నిలిచిపోయింది. ఒక పక్కకి ఒరుగుతోంది. దాని గొట్టంలోంచి ఇంకా ఆ నల్లటి పొగ లేస్తూనే ఉంది. మనుషులు చీమల్లా పరుగెత్తి పడవలు దింపుతున్నారు. దండు మొత్తం కూతలు కూస్తూ ఒక్కసారిగా కుడివైపుకి తిరిగింది.

నలభై మూడు మాత్రం తిరగలేదు. వరసలో చివరి ఓడకి దెబ్బ తగిలితే, దాని ముందున్న ఓడ ఆగి మనుషుల్ని ఎక్కించుకోవాలి. అది దండు నియమం. కెప్టెను చక్రం తిప్పించి ఓడని వెనక్కి మళ్ళించాడు.

ఎవరూ పిలవకుండానే లోవరాజు ఇనప మెట్ల మీంచి బాయిలర్ గదిలోకి దిగాడు. దిగడం కాదు, జారాడు. చిప్ప మొలలోనే ఉంది.

అందరూ పైకి పరుగెత్తాలనుకునే వేళ కిందికి దిగడమంటే మాటలు కాదు. బొగ్గు మనుషులు పనిచేసేది నీటిమట్టానికి కింద. పక్కనున్నది ఇనపరేకు, దాని అవతల సముద్రం. ఇంకో టార్పెడో వస్తే మొదట తగిలేది అక్కడే. అయినా ఒక్కడూ పొయ్యి వదల్లేదు. చెమటలు కారుతూ, పెదవులు కదుపుతూ, ఎవరి దేవుణ్ణి వాళ్ళు తల్చుకుంటూ బొగ్గు వేస్తున్నారు.

లోవరాజు సరంగు ముందు నిలబడ్డాడు.

"సాహెబు గారూ, ఒక్క మాట చెప్పండి. నా పొగ చూసేనాండి అది వచ్చింది? రెండు రోజులు నేనే కదండీ పెట్టాను!"

మదారు సాహెబు అతని కళ్ళలోకి చూశాడు. గోడకి ఆనించిన పార తీసి చేతికిచ్చాడు. అంతే.

లోవరాజు పొయ్యి తెరిచాడు. ఒక పక్క వేశాడు, మూశాడు. రెండోది తెరిచాడు. ఆవిరి సూది నిలకడగా నిలబడింది. పైన గొట్టంలో పొగ లేదు.

అంతలో ఇంకో చప్పుడు. టార్పెడో కాదు, ఫిరంగి. నీళ్ళలో ఎక్కడో పడి ఓడ పక్క రేకు టంగుమంది.

జలాంతర్గామి పైకి తేలింది! దక్షిణాన రెండు మైళ్ళ దూరంలో, పట్టపగలు, ధైర్యంగా తేలి ఫిరంగి పేలుస్తోంది. కాపలా ఓడల్లో ఒకటి దండుని వదిలి రాలేదు. రెండోది తిరిగి వస్తోంది గానీ చేరేసరికి అరగంట. ఈలోగా నీళ్ళ మీద పడవల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళని ఎక్కించుకోవడానికి ఆగిన నలభై మూడు, అంతా వాడి ఫిరంగికి ఎదురుగా ఉన్నారు.

పైనుంచి గంట మోగింది. ఇంజనీరు దొర, పైవాళ్ళతో మాట్లాడే గొట్టానికి చెవి ఆనించాడు. విన్నదాన్ని నమ్మలేనట్టు మళ్ళీ అడిగాడు. తిరిగి చూసి అరిచాడు.

"పొగ! పొగ పెట్టమంటున్నారు! ఎంత పెట్టగలిగితే అంత! పడవలకి అడ్డంగా తెర వేయాలి!"

తొమ్మిది పొయ్యిల దగ్గరున్న మనుషులూ తలలు తిప్పి ఒక్కడివైపే చూశారు.

మదారు సాహెబు గడ్డం నిమురుకున్నాడు. కళ్ళు మెరిశాయి.

"కానీ బేటా. నీ రైలు తోలు."

లోవరాజు కేక పెట్టాడు. ఏం కేకో అతనికే తెలియదు. పొయ్యిల కింద గాలి తలుపులు మూసేశాడు. బకెట్లో నీళ్ళు బొగ్గు మీద చల్లాడు. పార నిండా ఎత్తాడు. ఒకటి, రెండు, మూడు! ఎర్రటి నిప్పు ఎక్కడా కనబడకుండా కప్పేశాడు. "ఇటు వెయ్యండి! నింపండి! నింపేయండి! తడిది వెయ్యండి!" అని పక్కవాళ్ళ పొయ్యిలకి పరుగెత్తాడు. ఏడేళ్ళ రైలంతా చేతుల్లోకి వచ్చేసింది. పై గాలి గొట్టంలోంచి పోలినాయుడి గొంతు వినబడింది.

"ఓలమ్మో! నల్లగా! ఆకాశం ఆకాశమంతా! ఇంకా ఎయ్యండిరా! గాలి అటే తోస్తంది! ఆడికి మనం కనపడం!"

ఓడ నెమ్మదిగా పడవలకీ జలాంతర్గామికీ మధ్యకి నడిచింది. ఉత్తరపు గాలి పొగని నీళ్ళ మీదుగా దక్షిణానికి దొర్లించింది. ఫిరంగి గుడ్డిగా పేలింది. ఒకటి ముందు పడింది. ఒకటి వెనక పడింది. ఒకటి ఎంత దగ్గర పడిందంటే బాయిలర్ గదిలో దీపాలు రెండు పగిలి, మసి జలజలా రాలింది. లోవరాజు మసి తుడుచుకోలేదు, పార ఆపలేదు. తెర వెనక తాళ్ళ నిచ్చెనల మీదుగా నలభై నాలుగో ఓడ మనుషులు ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. పోలినాయుడు పైనుంచి లెక్క చెబుతూనే ఉన్నాడు. పదకొండు! పద్దెనిమిది! ఇరవై ఐదు!

తరవాత దూరంగా ధన్ ధన్‌మని నీళ్ళ లోపలినుంచి దెబ్బలు వినబడ్డాయి. కాపలా ఓడ వచ్చేసింది. జలాంతర్గామి నీళ్ళలోకి మునిగి దాక్కుంది. దాన్ని వెతుకుతూ నీళ్ళలోకి పేలుడు మందు పీపాలు వేస్తున్నారు. ఒక్కో దెబ్బకి రేకులు సమ్మెటతో కొట్టినట్టు అదిరాయి.

బాయిలర్ గదిలో అందరూ కేరింతలు కొట్టారు. లోవరాజుని వీపు మీద చరిచారు. లోవరాజు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ సరంగువైపు చూశాడు.

గంట మళ్ళీ మోగింది. దొర విని అరిచాడు.

"పూర్తి వేగం! దండుని కలవాలి. పొగ ఆపండి! వెంటనే ఆపండి! ఒక జలాంతర్గామి నీళ్ళ కిందికి పోయింది, ఇంకొకటి ఎక్కడుందో తెలియదు!"

నవ్వులు ఆగిపోయాయి. తొమ్మిది పొయ్యిలూ తడిబొగ్గుతో కుత్తికదాకా నిండి ఉన్నాయి. ఆవిరి సూది కిందికి జారుతోంది. లోపల నిప్పు ఊపిరాడక కుములుతోంది. దండు కనుచూపు దాటిపోతోంది. వేగం కావాలంటే బొగ్గు వేయాలి. బొగ్గు వేస్తే పొగ!

లోవరాజు సరంగువైపు చూశాడు. మదారు సాహెబు ఒక మూల గొంతుక్కూర్చుని తస్బీ పూసలు తిప్పుతున్నాడు. ఇటు చూడలేదు.

లోవరాజుకి ఒక్క క్షణం ఏడుపొచ్చింది. తరవాత కుంపటి గుర్తొచ్చింది.

"ఎవరూ బొగ్గు వెయ్యకండి! పారలు కింద పెట్టండి!" అని అరిచాడు. పొడుగాటి ఇనప ఊచ తీశాడు. గాలి తలుపులు బార్లా తెరిచాడు. పొయ్యి నోట్లోకి ఊచ పొడిచి, కప్పేసిన బొగ్గుని ఒక పక్కకి లాగాడు. రెండో పక్క కింద దాగిన నిప్పు ఎర్రగా కళ్ళు తెరిచింది. పొయ్యి తలుపు రెండు వేళ్ళ సందు వదిలి మూశాడు. తరవాతి పొయ్యి. ఆ తరవాతిది. అరచేతులు బొబ్బలెక్కాయి. మిగతావాళ్ళు అతన్ని చూసి అలాగే చేశారు.

"నాయుడుగారూ! పొగుందా?" గాలి గొట్టంలోకి కేకేశాడు.

"ఉంది!"

ఊచ. గాలి. ఒక పక్కకి.

"నాయుడుగారూ!"

"ఉందిరా! నల్లగానే ఉంది!"

సూది ఇంకో గీత జారింది. దొర గడియారం చూస్తున్నాడు. ఎవడో కుర్రతనంతో పార ఎత్తబోతే లోవరాజు ఆ పార మీద కాలు పెట్టి నొక్కాడు. మొలలోంచి కొబ్బరిచిప్ప తీసి వాడి చేతికిచ్చాడు.

"ఇంతే వెయ్యి. ఈ పక్కే వెయ్యి. ఆ పక్క వెలిగిందాకా ఆగు."

వాడు వేశాడు. ఆగాడు. మంట నాలుక చాచింది.

"నాయుడుగారూ!"

"బూడిదరంగొచ్చింది!"

సూది ఆగింది. ఒక గీత పైకి కదిలింది. ఇంజను చప్పుడు మారింది. ఓడ ముందుకి ఊగింది.

"నాయుడుగారూ, చెప్పండి బాబూ!"

"తెల్లబడతంది! తెల్లబడతందిరా! ఆగు, ఆగు..." అని పైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పద్దెనిమిదిమంది బొగ్గు మనుషులు గాలి గొట్టంకేసి తలలెత్తి నిలబడ్డారు. "నేదు! నేదురా! సుక్క పొగ నేదు! ఆకాశం కడిగినట్టుంది!"

అప్పుడు కొట్టారు కేరింతలు! ఇంజనీరు దొర టోపీ తీసి నేలకేసి కొట్టాడు. లోవరాజు బొగ్గు కుప్ప మీద కూలబడ్డాడు.

సాయంత్రం ఎండ పడమట వాలేసరికి నలభై మూడు దండుని కలిసింది. తన చోట తను చేరింది. వెనక నలభై నాలుగు చోటు ఖాళీగా ఉంది.

డెక్కు మీద దుప్పట్లు కప్పుకుని ఇరవై తొమ్మిదిమంది కూర్చున్నారు. ఎక్కనివాళ్ళు ఎక్కనేలేదు. పోలినాయుడు అందరికీ టీ ఇస్తున్నాడు. ఒకడు మాత్రం టీ తీసుకోకుండా కాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు. చిట్టగాంగు మనిషి. ఒంటి మీద మసి చూస్తేనే తెలుస్తోంది, బొగ్గు మనిషని. మదారు సాహెబు దగ్గరికి వెళ్ళి భుజమ్మీద చెయ్యి వేసేసరికి, అతను తలెత్తి హిందుస్తానీలో అడిగాడు.

"పెద్దాయనా, నా పొగ చూసే వచ్చిందా అది?"

లోవరాజు పక్కనే ఉన్నాడు. రైల్లో పనిచేసిన మనిషికి ఆ మాత్రం హిందుస్తానీ వచ్చు. అర్థమైంది. నిన్న ఈ కటకటాల దగ్గర నిలబడి వెధవ అని తిట్టింది ఇతన్నే. పొద్దున తను సరంగుని అడిగింది ఈ మాటే. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి.

మదారు సాహెబు లోవరాజుకేసి చూశాడు.

లోవరాజు, కుర్రాడి దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్న కొబ్బరిచిప్ప కడిగి, అందులో టీ పోయించుకుని, ఆ మనిషి పక్కన కింద కూర్చున్నాడు. చిప్ప అతని చేతుల్లో పెట్టి, ఆ చేతుల్ని తన బొబ్బల చేతులతో పట్టుకున్నాడు.

"నాది కూడా అయ్యుండొచ్చు భాయీ" అన్నాడు వచ్చీరాని హిందుస్తానీలో. "నేనూ పెట్టాను."

ఆ మనిషి అతన్ని చూశాడు. తరవాత టీ తాగాడు.

అంతలో కాపలా ఓడ మీద దీపం వెలిగింది. రోజూ ఆ వేళకి అది దండులో ఎవరు ఏం తప్పు చేశారో చెబుతుంది. లోవరాజు గబుక్కున లేచాడు. ఎంత అణుచుకుందామన్నా మనసు ఆగలేదు. ఇవాళ నలభై మూడు పేరు వస్తుంది! ఇరవై తొమ్మిదిమందిని కాపాడిన పొగ! ఇవాళ కాకపోతే ఇంకెప్పుడు మెచ్చుకుంటారు? చెమట తుడుచుకుని, చొక్కా సర్దుకుని మరీ నిలబడ్డాడు.

ఆంథోనీ దీపం చూస్తూ గట్టిగా చదివాడు.

"ఇరవై రెండు, వెనకపడుతున్నావు. ముప్పై ఒకటి, వరస తప్పావు. యాభై రెండు, పొగ ఎక్కువైంది..."

దీపం ఆరిపోయింది. మళ్ళీ వెలగలేదు.

"ఆంథోనీ బాబూ" అన్నాడు లోవరాజు నీరసంగా. "నలభై మూడుకి?"

"నలభై మూడుకి ఏమీ లేదు."

లోవరాజు ముఖం వాడిపోయింది. పక్కన కటకటాల మీద చేతులాన్చి, మదారు సాహెబు గొట్టం పైన శుభ్రంగా ఉన్న ఆకాశాన్ని చూస్తున్నాడు. చూసి చూసి, మెల్లిగా అన్నాడు.

"మళ్ళీ చెప్పించుకో బేటా. ఆ 'ఏమీ లేదు' అన్న మాట కోసం నేను పన్నెండేళ్ళు పనిచేశాను."

లోవరాజు ఆయన్ని చూశాడు. ఆకాశాన్ని చూశాడు. కుడివైపు ఓడల్ని, ఎడమవైపు ఓడల్ని, వెనక ఖాళీ చోటుని చూశాడు. పక్కన టీ తాగుతున్న మనిషిని చూశాడు.

అప్పుడు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఓడంతా వినబడేలా కేకేశాడు.

"ఆంథోనీ బాబూ! ఇంకోసారి చెప్పండి! నలభై మూడుకి ఏమిటండీ?"

ఆంథోనీ పైనుంచి వంగి వింతగా చూశాడు.

"చెప్పాను కదయ్యా! ఏమీ లేదు! నలభై మూడుకి ఏమీ లేదు!"